లండన్‌లో మన పదిహేను అణాలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల... డెబ్భై అయిదేళ్ల కిందట ఇవన్నీ హైదరాబాద్ రాజ్యంలోని ఊళ్లు. ఆ రాజ్యానికి సొంత రూపాయి ఉండేది. సొంత రైలు, సొంత తపాలా బిళ్ల, సొంత విమానాల కంపెనీ ఉండేవి. అంతేనా, ఆనాటి అగ్రరాజ్యం బ్రిటన్‌ రాజధానిలో సొంత ప్రతినిధి కూడా ఉండేవాడు. ఆయన చేతుల మీదుగా మాయమైన సొమ్ము గురించిన తగువు తేలడానికి 2019 దాకా పట్టింది. ఆ సొమ్ములో మన ఊళ్ల చెమట కూడా ఉంది!

పదహారు అణాలు కలిస్తే ఒక రూపాయి. ఈతరం పిల్లలకు అణా అంటే ఏంటో తెలియకపోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లనడగండి, ‘హాలీ సిక్కా’ గురించి కూడా చెబుతారు. నిజాం ఏలుబడిలో చెలామణీ అయిన రూపాయి అది. అలాంటి రూపాయికి ఒక్క అణా తక్కువ... అంటే పదిహేను అణాలు. మీ తాతగారి వాటా కిందో ముత్తాతగారి వాటా కిందో లండన్‌ బ్యాంకులో డెబ్భై ఒక్క ఏళ్లపాటు ఇరుక్కుపోయిన మొత్తం ఇది. ఎలా అంటారా? ఆ లెక్క చివర్లో చూద్దాం. ముందుగా ఆ డబ్బు లండన్‌ ఎందుకెళ్లిందో తెలియాలంటే, ఒక చిన్న రాజ్యం పెద్ద రాజ్యంతో నూటయాభై ఏళ్లు నడిపిన రాయబారం కథ వినాలి.

కోఠీలో వాళ్లు... లండన్‌లో ఎవరు?

కథ జగిత్యాల కోట నుంచే మొదలుపెట్టొచ్చు. నక్షత్రం ఆకారంలో, చుట్టూ కందకంతో ఉండే ఆ కోటను 1747లో ఫ్రెంచి ఇంజినీర్ల సాయంతో కట్టించారని చెబుతారు. జాక్, టాల్ అనే ఆ ఇంజినీర్ల పేర్ల మీదుగానే ఊరికి జగిత్యాల అని పేరొచ్చిందని ఒక కథ. పేరు సంగతి ఎలా ఉన్నా ఆ కాలంలో దక్కన్‌లో ఫ్రెంచివాళ్ల మాట చెల్లుబాటయ్యేదన్నది మాత్రం నిజం. నిజాం సైన్యానికి శిక్షణ ఇచ్చిన ఫ్రెంచి సేనాని రేమండ్ పేరు జనం నోట్లో ‘మూసారాం’ అయింది. హైదరాబాద్‌లోని మూసారాంబాగ్ ఆయన పేరు మీద వెలసిందే.

అంటే అప్పటికి నిజాంకు ఎంచుకునే వీలుంది. ఇంగ్లీషువాళ్లతో పొసగకపోతే ఫ్రెంచివాళ్లు, వాళ్లూ కాదంటే మరాఠాలు. చిన్న రాజ్యానికి అదే బలం. 1798లో ఆ బలం పోయింది. ఈస్టిండియా కంపెనీతో చేసుకున్న సైన్య సహకార ఒప్పందం ప్రకారం నిజాం ఫ్రెంచి పటాలాన్ని రద్దు చేశాడు. కంపెనీకి తెలియకుండా మరే రాజ్యంతోనూ వ్యవహారాలు నడపనని మాటిచ్చాడు. 1800లో సైన్యం ఖర్చు కింద కడప, కర్నూలు, బళ్లారి వైపు జిల్లాలను ఇచ్చేశాడు. మనం చదువుకున్న ‘దత్తమండలాలు’ అవే.

ఇక అప్పట్నుంచీ రాయబారం ఒక వైపే నడిచింది. బ్రిటిష్‌ ప్రతినిధి, అంటే రెసిడెంటు, హైదరాబాద్ నడిబొడ్డున మకాం పెట్టాడు. రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ నిజాం ఖర్చుతో కట్టించుకున్న ఆ రాజభవనమే కోఠీలోని రెసిడెన్సీ. దివాను ఎవరవ్వాలి, అప్పు ఎక్కడ తేవాలి, సైన్యం ఎంతుండాలి... అన్నిటిలోనూ రెసిడెంటు మాటే చెల్లేది. మరి లండన్‌లో నిజాం మనిషి ఎవరున్నారు? ఎవరూ లేరు. హైదరాబాద్ ఏమన్నా చెప్పుకోవాలంటే ఆ కోఠీ ద్వారానే చెప్పుకోవాలి. ఫిర్యాదు రెసిడెంటు మీదైనా సరే!

బీరారు కోసం సముద్రం దాటి...

ఆ కట్టు దాటి నేరుగా లండన్‌ తలుపు తట్టినవాడు మొదటి సాలార్‌జంగ్‌. కారణం బీరారు. పత్తి పండే ఆ సిరుల సీమను 1853లో బ్రిటిష్‌వాళ్లు సైన్యం బాకీ పేరుతో తమ చేతుల్లోకి తీసుకున్నారు. ఆ వెంటనే దివాను అయిన సాలార్‌జంగ్‌కు అది చివరిదాకా తీరని దిగులు. 1857 తిరుగుబాటులో ఆయన బ్రిటిష్‌వాళ్ల పక్షాన నిలబడ్డారు. ఆ మేలుకు ప్రతిఫలంగా బీరారు తిరిగొస్తుందని ఆశపడ్డారు. రాలేదు.

1876లో ఆయన ఇంగ్లండ్‌ ప్రయాణం కట్టారు. దారిలో పారిస్‌ హోటల్లో మెట్ల మీద జారిపడి కాలి ఎముక విరగ్గొట్టుకున్నారు. అయినా వెనుదిరగలేదు. లండన్‌లో రాచమర్యాదలు జరిగాయి. ఆక్స్‌ఫర్డ్‌ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్‌ ఇచ్చింది. లండన్‌ నగరం తన ‘ఫ్రీడమ్‌’ గౌరవంతో సత్కరించింది. విందులకు లోటు లేదు. అసలు పని మాత్రం కాలేదు. బీరారు ఊసెత్తితే మాట దాటేశారు. 1883లో ఆ దిగులుతోనే సాలార్‌జంగ్‌ కన్నుమూశారు. 1902లో లార్డ్‌ కర్జన్‌ ఏటా 25 లక్షల రూపాయల కౌలుకు బీరారును శాశ్వతంగా రాయించుకున్నాడు.

ఏడో నిజాం మీర్‌ ఉస్మాన్‌ అలీఖాన్‌ ఇంకో అడుగు ముందుకేశాడు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్‌కు భారీగా డబ్బిచ్చి, 1918లో ‘నమ్మకమైన మిత్రుడు’ అనే బిరుదు పొందాడు. మిత్రుడంటే సమానుడే కదా అనుకుని బీరారు సంగతి మళ్లీ తిరగదోడాడు. 1926 మార్చిలో వైస్రాయి లార్డ్‌ రీడింగ్‌ నుంచి జవాబొచ్చింది. భారతదేశంలో బ్రిటిష్‌ రాజరికానిదే సర్వాధిపత్యమనీ, దానితో సమాన స్థాయిలో మాట్లాడే హక్కు ఏ సంస్థానాధీశుడికీ లేదనీ దాని సారాంశం. దేశంలో కెల్లా పెద్ద సంస్థానానికి, లోకంలో కెల్లా ధనవంతుడని పేరున్న పాలకుడికి అగ్రరాజ్యం చూపించిన హద్దు అది.

ఆ తర్వాత 1930లో లండన్‌ రౌండ్‌టేబుల్‌ సమావేశానికి సర్‌ అక్బర్‌ హైదరీ నాయకత్వంలో హైదరాబాద్‌ బృందం వెళ్లింది. ఢిల్లీలో లుట్యెన్స్‌ గీసిన నమూనాతో నిజాం కోసం ‘హైదరాబాద్‌ హౌస్‌’ లేచింది. హంగుకు లోటు లేదు. హోదా మాత్రం 1926లో చెప్పినంతే!

ఏజెంటు అంటే రాయబారేనా?

1947 వచ్చింది. బ్రిటిష్‌వాళ్లు వెళ్లిపోతున్నారు. వాళ్లతోపాటే వాళ్ల సర్వాధిపత్యమూ పోతుందని చట్టంలో రాశారు. తానిక స్వతంత్రుడినన్నాడు నిజాం. ఇటు భారత్‌లోనూ అటు పాకిస్థాన్‌లోనూ చేరబోనని జూన్‌లోనే ఫర్మానా జారీచేశాడు. అయితే సంస్థానాలను విడి దేశాలుగా గుర్తించే ఆలోచన తమకు లేదని బ్రిటన్‌ ప్రభుత్వం 1947 జులైలోనే పార్లమెంటులో తేల్చేసింది. నిజాంకు ఆ మాట వినిపించిందో లేదో... ఆయన నమ్మకం మాత్రం లండన్‌ మీదే. న్యాయ సలహాదారు కూడా అక్కడి పేరుమోసిన బారిస్టరు సర్‌ వాల్టర్‌ మాంక్‌టన్‌.

1947 నవంబరు 29న భారత్‌తో ‘యథాతథ ఒప్పందం’ కుదిరింది. ఏడాదిపాటు ఉన్నది ఉన్నట్టే సాగాలి. భారత్‌ ఏజెంటు జనరల్‌ హైదరాబాద్‌లో, హైదరాబాద్‌ ఏజెంటు జనరల్‌ ఢిల్లీలో ఉండాలి. భారత్‌ తరఫున కె.ఎం.మున్షీ వచ్చి బొల్లారంలో దిగారు. నిజాం తరఫున జైన్‌యార్‌ జంగ్‌ ఢిల్లీ వెళ్లారు. ఉస్మానియా ఆర్ట్స్‌ కాలేజీ భవనానికి రూపమిచ్చిన వాస్తుశిల్పుల్లో ఒకరు ఆయన. లండన్‌లో హైదరాబాద్‌ ఏజెంటు జనరల్‌ మీర్‌ నవాజ్‌ జంగ్‌.

ఇక్కడే ఒక తిరకాసుంది. ఏజెంటు జనరల్‌ అంటే వినడానికి రాయబారిలాగే ఉంటుంది. కానీ రాయబారిని పంపేది దేశం, అందుకునేదీ దేశమే. దేశమని ఎవరూ గుర్తించని చోటు నుంచి వచ్చిన ఏజెంటుకు వ్యాపారం మాట్లాడే వీలుంటుంది, బ్యాంకు ఖాతా నడిపే వీలుంటుంది. అంతవరకే. విదేశీ వ్యవహారాలు ఒప్పందం ప్రకారం భారత్‌ చేతిలోనే ఉన్నాయి.

నిజాం ప్రభుత్వం మాత్రం దేశంలాగే నడుచుకుంది. పాకిస్థాన్‌కు ఇరవై కోట్ల రూపాయల విలువైన బాండ్ల రూపంలో అప్పిచ్చింది. ఆస్ట్రేలియా వైమానికుడు సిడ్నీ కాటన్‌ విమానాల్లో రాత్రిళ్లు కరాచీ నుంచి ఆయుధాలు తెప్పించుకుంది. మధ్యవర్తిత్వం చెయ్యమని అమెరికా అధ్యక్షుడు ట్రూమన్‌ను అడిగింది. ఆయన కుదరదన్నాడు. బ్రిటన్‌ పార్లమెంటులో ప్రతిపక్ష నేత చర్చిల్‌ హైదరాబాద్‌ తరఫున గొంతెత్తాడు. ప్రధాని అట్లీ కదల్లేదు. చివరికి 1948 ఆగస్టు 21న హైదరాబాద్‌ ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు పంపింది.

పారిస్‌లో వాదన... లండన్‌లో బదిలీ

సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్‌లో అడుగుపెట్టింది. 16న పారిస్‌లో భద్రతామండలి కూర్చుంది. నిజాం ప్రతినిధి బృందానికి నాయకుడు మొయిన్‌ నవాజ్‌ జంగ్‌. భారత్‌ తరఫున రామస్వామి మొదలియార్‌. హైదరాబాద్‌ దేశమే కాదు, దానికి ఫిర్యాదు చేసే అర్హతే లేదన్నది భారత్‌ వాదన. ఫిర్యాదును విషయసూచికలో చేర్చడానికి ఎనిమిది దేశాలు ఒప్పుకున్నాయి. సోవియట్‌ యూనియన్‌, ఉక్రెయిన్‌, చైనా ఓటెయ్యలేదు. చేర్చారు సరే... వాదన పూర్తయ్యేలోగా వాదించాల్సిన ప్రభుత్వమే లేకుండాపోయింది. 17న నిజాం లొంగిపోతున్నట్టు ప్రకటించాడు. 18న సైన్యాధిపతి ఎల్‌ ఎద్రూస్‌ మేజర్‌ జనరల్‌ జె.ఎన్‌.చౌధురికి లొంగిపోయాడు. 22న ఫిర్యాదును వెనక్కి తీసుకుంటున్నట్టు నిజాం సమితికి తంతి పంపాడు.

పారిస్‌లో ఇది జరుగుతున్న ఆ వారంలోనే లండన్‌లో ఇంకో పని చడీచప్పుడు లేకుండా జరిగిపోయింది. అక్కడి వెస్ట్‌మినిస్టర్‌ బ్యాంకులో నిజాం ప్రభుత్వం పేరున ఒక ఖాతా ఉంది. అందులోని 10,07,940 పౌన్ల 9 షిల్లింగులు పాకిస్థాన్‌ హైకమిషనర్‌ హబీబ్‌ ఇబ్రహీం రహీంతూలా పేరున ఉన్న ఖాతాలోకి వెళ్లిపోయాయి. డబ్బు భారత్‌ చేతికి చిక్కకూడదన్నది ఉద్దేశం. దేశంగా ఎవరూ గుర్తించని రాజ్యం తరఫున లండన్‌లో ఉన్న ఆ కార్యాలయం చేసిన చివరి పెద్ద పని అదే!

నెల తిరక్కముందే నిజాం ఆ డబ్బు వెనక్కి ఇవ్వమని బ్యాంకును కోరాడు. ఖాతాదారు ఒప్పుకుంటేనే ఇస్తామంది బ్యాంకు. పాకిస్థాన్‌ ఒప్పుకోలేదు. తలుపుకి తాళం పడింది.

తాత వేసిన దావా... మనవళ్లకు తీర్పు

1954లో నిజాం లండన్‌లో దావా వేశాడు. 1957లో హౌస్‌ ఆఫ్‌ లార్డ్స్‌ తీర్పిచ్చింది. పాకిస్థాన్‌ సార్వభౌమ దేశం కాబట్టి, దాని ఇష్టం లేకుండా ఆ సొమ్ము మీద ఇంగ్లండ్‌ కోర్టులో దావా నడవదని చెప్పింది. విచిత్రం చూడండి. దేశం హోదా కోసం వెంపర్లాడిన నిజాం, ఇంకో దేశానికి ఆ హోదా ఉన్నందువల్లే ఓడిపోయాడు.

1967లో నిజాం చనిపోయాడు. డబ్బు మాత్రం వడ్డీతో పెరుగుతూనే ఉంది. ఎవరికివ్వాలో తెలియక బ్యాంకు అట్టే పెట్టుకుంది. 2013లో పాకిస్థాన్‌ ఆ సొమ్ము తనదేనంటూ తానే కోర్టుకెక్కింది. అదే దాని కొంప ముంచింది. కోర్టుకు వచ్చినవాడు కోర్టు తనను విచారించకూడదని అనలేడు కదా! అరవై ఏళ్లుగా కాపాడిన రక్షణ దాంతో పోయింది. భారత ప్రభుత్వమూ, నిజాం మనవళ్లు ముకరంజా, ముఫఖంజా ఒక్కటై తమ వాదన వినిపించారు. ఆ డబ్బు ఆయుధాలకు చెల్లించిన సొమ్మన్నది పాకిస్థాన్‌ వాదనల్లో ఒకటి. జస్టిస్‌ మార్కస్‌ స్మిత్‌ దాన్ని ఒప్పుకోలేదు. రహీంతూలా చేతికి ఇచ్చింది దాచిపెట్టమనే తప్ప సొంతం చేసుకొమ్మని కాదనీ, అసలు హక్కుదారు ఏడో నిజామేననీ 2019 అక్టోబరు 2న తీర్పిచ్చారు. అప్పటికి పది లక్షల పౌన్లు మూడున్నర కోట్ల పౌన్లయ్యాయి. మన లెక్కలో సుమారు 306 కోట్ల రూపాయలు.

నిజాం వంశంలో ఇంకా కొందరు తమకూ వాటా కావాలన్నారు. భారత ప్రభుత్వం, ఇద్దరు మనవళ్లు తమలో తాము ముందే రాజీ కుదుర్చుకున్నారు. 2023 జనవరిలో ముకరంజా ఇస్తాంబుల్‌లో కన్నుమూశారు. హైదరాబాద్‌ మక్కామసీదులో ఆయన్ను ఖననం చేశారు.

తలకు పదిహేను అణాలు

ఇప్పుడు మన లెక్కకొద్దాం. 1948లో పౌను విలువ 13 రూపాయల 5 అణాల పైచిలుకు. ఆ లెక్కన లండన్‌లో చేతులు మారిన సొమ్ము ఒక కోటి 34 లక్షల రూపాయలు. ఆరు భారత రూపాయలు ఏడు హాలీ రూపాయలకు సమానం. అంటే హాలీ సిక్కాలో ఒక కోటి 57 లక్షలు. 1941 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాద్‌ రాజ్యంలో జనం దాదాపు ఒక కోటి 63 లక్షలు. పంచి చూడండి. ఉయ్యాల్లో పాపాయి నుంచి మంచం పట్టిన ముసలమ్మ దాకా తలకు పదిహేను అణాలు!

ప్రభుత్వ ఖాతాలోకి డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది? భూమిశిస్తు నుంచి. తాటిచెట్టు మీద వేసే ఆబ్కారీ పన్ను నుంచి. సరుకు సరిహద్దు దాటితే కట్టే కరోడ్‌గిరీ సుంకం నుంచి. జగిత్యాల రైతు, కోరుట్ల గీతకార్మికుడు, సిరిసిల్ల నేతన్న... వీళ్లందరి కష్టం నుంచి. లండన్‌లో ప్రతినిధిని పెట్టాలా, పారిస్‌లో వాదించాలా, డబ్బు ఎవరి చేతికివ్వాలి అని వీళ్లను అడిగినవాళ్లు లేరు. అడగడానికి ఆ రాజ్యంలో వీళ్లకు ఓటే లేదు.

అడగకపోయినా వీళ్లు జవాబు చెబుతూనే ఉన్నారు. కరీంనగర్‌ జిల్లాలో నిజాం పాలన మీద సాయుధంగా తిరగబడ్డ అనభేరి ప్రభాకరరావు 1948 మార్చి 14న హుస్నాబాద్‌ దగ్గర మహ్మదాపూర్‌లో పోలీసు తూటాలకు బలయ్యారు. సిరిసిల్ల ప్రాంతంలోని గాలిపల్లికి చెందిన బద్దం ఎల్లారెడ్డి ఉద్యమంలో ముందు నిలిచారు. 1952లో జనం ఆయన్ను కరీంనగర్‌ నుంచి పార్లమెంటుకు పంపారు. స్వతంత్ర రాజ్యమని పారిస్‌లో చెబుతుంటే, ఆ రాజ్యం పల్లెల్లో రజాకార్లకు భయపడి జనం చెట్టుకొకరు పుట్టకొకరు అవుతున్నారు. ఇంట్లోవాళ్లే ఔననని ఇంటిపెద్ద మాటను బయటివాళ్లు మాత్రం ఎందుకు నమ్ముతారు? హైదరాబాద్‌ రాయబారం ఓడిపోవడానికి లండన్‌ ఎంత కారణమో ఇదీ అంతే కారణం.

ఆ మనుషులు ఏమయ్యారంటే...

రాయబారం పోయినా అందులో రాటుదేలిన మనుషులు కొందరు మిగిలారు. ఢిల్లీలో నిజాం ఏజెంటుగా ఉన్న జైన్‌యార్‌ జంగ్‌ తర్వాత హైదరాబాద్‌ రాష్ట్ర ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. 1947లో నిజాం తరఫున మౌంట్‌బాటెన్‌తో చర్చలకు వెళ్లిన అలీ యావర్‌ జంగ్‌ స్వతంత్ర భారత రాయబారిగా ఎన్నో దేశాల్లో పనిచేశారు. 1968 నుంచి 1970 దాకా వాషింగ్టన్‌లో మన దేశ రాయబారి ఆయనే.

కరీంనగర్‌ జిల్లా వంగర కుర్రాడొకడు 1948లో నిజాంకు వ్యతిరేకంగా చాందా సరిహద్దు శిబిరంలో పనిచేశాడు. 1980లో ఆయన భారత విదేశాంగమంత్రి. 1991లో ప్రధాని. 1994 మేలో అమెరికా కాంగ్రెస్‌ ఉభయసభల ముందు నిలబడి ప్రసంగించిన ఆ పీవీ నరసింహారావు పుట్టుకతో నిజాం పౌరుడు! సాలార్‌జంగ్‌ విరిగిన కాలితో వెళ్లి, నిజాం కోట్లు పోసి సంపాదించలేని గౌరవం అది. ఆయన వెనక ఓటేసిన దేశం ఉంది. తేడా అంతా అక్కడే.

కోఠీ రెసిడెన్సీలోకి 1949లో ఆడపిల్లల కాలేజీ వచ్చింది. అది ఇప్పుడు విశ్వవిద్యాలయం. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఢిల్లీలోని హైదరాబాద్‌ హౌస్‌లో మన ప్రధానమంత్రులు విదేశీ అధినేతలకు విందులిస్తున్నారు. 2008లో అమెరికా హైదరాబాద్‌లో కాన్సులేట్‌ తెరిచినప్పుడు దిగింది బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో. 2023లో నానక్‌రాంగూడకు మారేదాకా, వీసా కోసం వెళ్లిన మన పిల్లలు నిజాం కాలపు ప్రభువుల ప్యాలెస్‌ ముందే వరసలో నిలబడ్డారు.

ఎంబసీ అంటే ఏమిటో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వాళ్లకు ఇప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు. గల్ఫ్‌లో పాస్‌పోర్టు యజమాని దగ్గర ఇరుక్కున్నప్పుడు ‘ఔట్‌పాస్‌’ ఇచ్చేది ఎంబసీ. 2007లో, 2018లో, 2024లో యూఏఈ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు కాగితాల్లేని మనవాళ్లు ఇంటికి రావడానికి ఆసరా ఎంబసీ, కాన్సులేట్‌. అయినవాళ్లు అక్కడ కన్నుమూస్తే పెట్టె కదలడానికి కావాల్సిన కాగితం మీద ముద్ర వేసేదీ ఎంబసీయే. ఆ ముద్ర ఒక్కరోజు ఆలస్యమైతే ఇక్కడ ఒక ఇంట్లో ఇంకో రాత్రి పొయ్యి వెలగదు. ఆ ఇంటివాళ్లు ఊరుకోరు. ఎమ్మెల్యేను నిలదీస్తారు, ఎంపీకి అర్జీ పెడతారు, కలెక్టరేట్‌ ముందు కూర్చుంటారు. మా పని ఎందుకు కాలేదని గట్టిగా అడుగుతారు.

1948లో పదిహేను అణాలిచ్చిన వాళ్ల తాతలకు దక్కని హక్కు అదే.